ఫ్రేముకి ఎన్ని రూపాయలు? గ్రాఫిక్స్ కార్డుల బేరంలో దారితప్పే లెక్క

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరూ సీటీసీ అనే అంటారు. అక్కడ పీసీ అసెంబుల్ చేయించుకోవాలని వెళ్లిన వాళ్ల చేతికి చివరికి వచ్చేది ఒక కొటేషన్ కాగితం. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ అన్నీ కాసేపట్లో తేలిపోతాయి. బేరం ఆగేది గ్రాఫిక్స్ కార్డు లైను దగ్గరే. గేమింగ్ పీసీ బిల్లులో మూడో వంతు నుంచి సగం దాకా అదే మింగుతుంది కాబట్టి ఆగడం సహజం.

2025లో మధ్యస్థాయి బడ్జెట్‌లో ఆ లైను దగ్గర ఎదురెదురుగా నిలబడ్డవి రెండు. ఏప్రిల్‌లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ ఒకటి, జూన్‌లో వచ్చిన ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ ఇంకొకటి. రెండింటిలోనూ 8 జీబీ, 16 జీబీ అని రెండేసి రకాలున్నాయి. అమెరికాలో ప్రకటించిన ధరలు చూస్తే 5060 టీఐ 8 జీబీ 379 డాలర్లు, 16 జీబీ 429. 9060 ఎక్స్‌టీ 8 జీబీ 299, 16 జీబీ 349. అంటే ఏఎండీ 16 జీబీ కార్డు, ఎన్విడియా 8 జీబీ కార్డు కన్నా 30 డాలర్లు తక్కువకే వచ్చింది. అయినా ఎన్విడియా 8 జీబీదే కొన్నవాళ్లు ఉన్నారు. ఎందుకన్నది ఆలోచించాల్సిన విషయమే.

ఏ కార్డు లాభమో తేల్చడానికి గేమర్ల దగ్గర ఒక తేలిక సూత్రం ఉంది. కార్డు ధరను అది ఇచ్చే సగటు ఎఫ్‌పీఎస్‌తో, అంటే సెకనుకు గీసే ఫ్రేముల (బొమ్మల) సంఖ్యతో భాగించడం. 30 వేల కార్డు సెకనుకు 100 ఫ్రేములు గీస్తే ఫ్రేముకి 300 రూపాయలు. ఏది తక్కువ పడితే అది మంచి బేరం. యూట్యూబ్ రివ్యూల చివర్లో కనిపించే బార్ గ్రాఫు ఇదే. ఈ భాగహారంలో తప్పేమీ లేదు. గీత పైన వేసే ధర ఎవరు చెల్లించేది, గీత కింద వేసే ఫ్రేములు ఎవరి సిస్టమ్‌లో వచ్చినవి అన్న దగ్గరే ఉంది తిరకాసు.

డాలరుకు 107 రూపాయలు

ముందు ధర సంగతి. 2025 జనవరిలో 50 సిరీస్‌ను ప్రకటించినప్పుడు ఎన్విడియా భారత్ ధరలు విడిగా ఇచ్చింది. 5090కి 2,14,000 రూపాయలు, 5080కి 1,07,000, 5070 టీఐకి 80,000, 5070కి 59,000. వాటి అమెరికా ధరలు వరుసగా 1,999, 999, 749, 549 డాలర్లు. భాగించి చూస్తే నాలుగింటికీ ఒకే అంకె వస్తుంది. డాలరుకు దాదాపు 107 రూపాయలు.

అప్పట్లో డాలరు 86 రూపాయల చుట్టూ ఉంది. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 101 దాటుతుంది. మిగిలిన ఐదారు రూపాయలు రవాణాకీ, పంపిణీదారుడి వాటాకీ, రూపాయి పడిపోతే తట్టుకోవడానికీ ఉంచుకున్న వెసులుబాటు అనుకోవచ్చు. ఏడాది చివరికి డాలరు 90 దాటింది. జీఎస్టీతో కలిపితే 106. ఆ వెసులుబాటు కాస్తా ఏడాది తిరక్కుండానే కరిగిపోయింది. అమెరికా ధరలు తగ్గాయన్న వార్త ఇక్కడి షాపు ధరలో సగం కూడా కనిపించకపోవడానికి ఇదొక కారణం.

ఈ 107ని కొలబద్దగా పెట్టుకుంటే షాపు ధర ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. 349 డాలర్ల కార్డు 37 వేల పైచిలుకు ఉండాలి. 429 డాలర్లది 46 వేలకు కాస్త లోపు. అంతకన్నా ఐదారు వేలు ఎక్కువ అడుగుతున్నారంటే, స్టాకు లేకపోవడమైనా అయివుండాలి, లేదా అదే చిప్‌కి మూడు ఫ్యాన్లు, రంగురంగుల లైట్లు, పేరు చివర ఓసీ (ఓవర్‌క్లాక్, అంటే కాస్త వేగం పెంచినది) అన్న రెండక్షరాలు తగిలించిన మోడల్ అయినా అయివుండాలి. మామూలు రెండు ఫ్యాన్ల మోడల్‌తో పోలిస్తే వేగంలో తేడా రెండు మూడు శాతం దాటడం అరుదు. చప్పుడు తగ్గుతుంది, నిజమే. కానీ ఆ ఐదు వేలతో పై మెట్టు కార్డుకు దగ్గరవుతున్నప్పుడు లైట్ల కోసం పెట్టడం పైన పటారం వ్యవహారమే.

తెలుగు ఇళ్లలో ఇంకో దారి కూడా ఉంది. డాలస్ నుంచి వస్తున్న అన్నయ్య సూట్‌కేసు. 549 డాలర్ల 5070 మీద అక్కడి అమ్మకపు పన్ను 8.25 శాతం కలిపితే 594 డాలర్లు. 86 చొప్పున 51 వేలు. ఇక్కడి 59 వేలతో పోలిస్తే మిగిలేది 8 వేల లోపు. అయితే చాలా కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. మూడేళ్ల వారంటీ వదులుకుని 8 వేలు మిగిల్చడం, పైగా 51 వేల వస్తువు చెక్-ఇన్ లగేజీలో ఏమవుతుందోనన్న టెన్షన్. 5090 లాంటి పెద్ద కార్డుకైతే మిగులు ఎక్కువ కాబట్టి ఆలోచించవచ్చు. మధ్యస్థాయి కార్డుకు అంత రిస్కు అనవసరం.

ఒకే చిప్, సగం జాగా

5060 టీఐ 8 జీబీ, 16 జీబీ కార్డులు ప్రయోగశాలలో కావాలని తయారు చేసినట్టున్న జంట. రెండింటిలోనూ అదే చిప్, అవే 4,608 కోర్లు, అదే 128 బిట్ల బస్సు (చిప్‌కీ మెమరీకీ మధ్య దారి), సెకనుకు అదే 448 జీబీ మెమరీ వేగం, అదే 180 వాట్లు. తేడా మెమరీ ఎంతన్నదే. కాబట్టి ఏదైనా గేములో ఈ రెండింటి మధ్య తేడా వచ్చిందంటే నేరం మెమరీదే, ఇంకెవరి మీదకీ నెట్టడానికి లేదు.

మెమరీ చాలినంతసేపూ రెండు కార్డులూ కవలపిల్లలే. చాలనప్పుడు ఏం జరుగుతుందో వంటింట్లో చూస్తే తెలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు మీదున్న మెమరీ స్టవ్ పక్కన గట్టు లాంటిది. వంటకి కావలసినవన్నీ చేతికందే దూరంలో ఉండాలి. గట్టు నిండిపోతే మిగిలిన డబ్బాలు స్టోర్‌రూమ్‌లోకి, అంటే సిస్టమ్ ర్యామ్‌లోకి వెళ్తాయి. అక్కడి నుంచి తేవడానికి ఉన్న తలుపు, మదర్‌బోర్డులో కార్డు కూర్చునే పీసీఐఈ స్లాటు. గట్టు మీద సెకనుకు 448 జీబీ కదులుతుంటే, ఈ తలుపు గుండా కొత్త పీసీఐఈ 5.0 బోర్డులో కూడా కదిలేది సుమారు 32 జీబీ. ఎందుకంటే 5060 టీఐ ఆ స్లాటులో ఎనిమిది లేన్లే (డేటా దారులే) వాడుకుంటుంది. బీ450 లాంటి పాత బోర్డులో, అంటే పీసీఐఈ 3.0 మీద, అది 8 జీబీకి పడిపోతుంది. గట్టు వేగంతో పోలిస్తే యాభై ఆరో వంతు. పోపు మాడిపోయాక ఆవాలు చేతికొస్తే ఏం లాభం?

ఇక్కడ ఏఎండీకి ఒక చిన్న మెరుగు ఉంది. 9060 ఎక్స్‌టీ పూర్తి 16 లేన్లూ వాడుకుంటుంది. పాత బోర్డులో దాని తలుపు రెండింతలు వెడల్పు. నాలుగైదేళ్ల నాటి సిస్టమ్‌లో కార్డు ఒక్కటే మార్చేవాళ్లకి స్పెసిఫికేషన్ పట్టికలో ఎవరూ చూడని ఈ గడే అన్నిటికన్నా ముఖ్యం కావచ్చు.

సగటు ఎఫ్‌పీఎస్ ఈ ఇబ్బందిని బాగా దాచిపెడుతుంది. ఒక సెకనులో 59 ఫ్రేములు ఒక్కోటీ 14 మిల్లీసెకన్లలో వచ్చాయనుకుందాం. అరవయ్యోది స్టోర్‌రూమ్ నుంచి ఏదో తెచ్చుకోవాల్సి వచ్చి 170 మిల్లీసెకన్లు తీసుకుంది. మొత్తం 996 మిల్లీసెకన్లు. గ్రాఫులో దర్జాగా 60 ఎఫ్‌పీఎస్ అని పడుతుంది. ఆడేవాడికి మాత్రం ప్రతి సెకనుకూ స్క్రీన్ ఒకసారి గుటక వేసినట్టు ఆగి కదులుతుంది. సరిగ్గా అప్పుడే ఎదుటివాడు మలుపు తిరిగి కాల్చేసి ఉంటాడు. అందుకే రివ్యూల్లో సగటు కన్నా దాని కింద చిన్నగా వేసే ‘1 శాతం లో’ (1% low) అంకెను ముందు చూడాలి. అత్యంత నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం అది. సగటు 90 ఉండి ఇది 25 దగ్గర ఉంటే ఆ కార్డు ఆ సెట్టింగులో పనికిరానట్టే.

కొన్ని గేములు ఇంకా తెలివిగా దాస్తాయి. ఆగవు, తడబడవు. గట్టు మీద జాగా లేదని తెలిసి నాసిరకం టెక్స్చర్లు (వస్తువుల పైన పరిచే బొమ్మలు) లోడ్ చేసి ఊరుకుంటాయి. ఎఫ్‌పీఎస్ అంతే ఉంటుంది, ఎదురుగా ఉన్న గోడ మాత్రం తడిసిన సున్నంలా అలుక్కుపోతుంది. బెంచ్‌మార్కు గ్రాఫులో ఇది కనబడనే కనబడదు.

8 జీబీ ఎందుకు చాలట్లేదన్నదానికి మూలం కన్సోళ్లలో ఉంది. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింటిలోనూ 16 జీబీ ఉమ్మడి మెమరీ ఉంది. స్టూడియోలు పాత తరం కన్సోళ్లను వదిలేసి వీటికే గేములు చేయడం మొదలుపెట్టాక పీసీ వెర్షన్లు కూడా బరువెక్కాయి. 2023లో పీసీకి వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 మొదటి వారాల్లో 8 జీబీ కార్డులను ముప్పుతిప్పలు పెట్టింది. ప్యాచ్‌లతో తర్వాత సర్దుకుంది కానీ గాలి ఎటు వీస్తోందో అప్పుడే తెలిసిపోయింది. ఏఎండీ ఆర్‌ఎక్స్ 480 కార్డు 8 జీబీతో 239 డాలర్లకు వచ్చింది 2016లో. తొమ్మిదేళ్ల తర్వాత 379 డాలర్లకు అదే 8 జీబీ ఇవ్వడాన్ని సమర్థించడం కష్టం.

సమర్థించినవాళ్లు లేకపోలేదు. ఏఎండీ గేమింగ్ విభాగానికి చెందిన ఫ్రాంక్ అజోర్ 2025 మే నెలలో ఇదే వాదన చేశారు. ఎక్కువమంది ఇంకా 1080పీ రిజల్యూషన్ (1920×1080 చుక్కల తెర) మీదే ఆడుతున్నారు, వాళ్లకి 8 జీబీకి మించి పని లేదు అని. పీసీ గేములు అమ్మే స్టీమ్ చేసే సర్వేల్లో 1080పీదే ఇప్పటికీ పైచేయి అన్నది నిజం. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2, జీటీఏ 5 ఆడేవాళ్లకి 8 జీబీ చాలన్నదీ నిజం. కానీ ఈ వాదన తన కాళ్ల కింద నేలను తనే తవ్వుకుంటుంది. 8 జీబీ చాలే గేములకు 40 వేల కార్డే అక్కర్లేదు. 40 వేల కార్డు కావలసిన గేములకు 8 జీబీ చాలదు. 5060 టీఐ 8 జీబీ రెంటికీ చెడ్డ రేవడి. ఆ రకాన్ని ఎన్విడియా రివ్యూలకు పంపలేదు. రివ్యూ చేసినవాళ్లు షాపుల్లో కొనుక్కుని పరీక్షించాల్సి వచ్చింది. కంపెనీకి కూడా ఫలితం ముందే తెలుసన్నమాట.

పదహారు మీద పదహారు

8 జీబీని పక్కన పెడితే పోటీ రసవత్తరంగా ఉంటుంది. రెండు 16 జీబీ కార్డుల మధ్య, రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి వెలుగునీడలు గీసే పద్ధతి) లేని మామూలు గేముల్లో 5060 టీఐ సగటున కొద్ది శాతం ముందుంటుంది. గేమును బట్టి తారుమారవుతుంది కూడా. ధరలో తేడా మాత్రం 80 డాలర్లు, మన కొలబద్దతో 8,500 రూపాయల పైమాట. దాదాపు 23 శాతం ఎక్కువ పెట్టి కొద్ది శాతం వేగం కొనడం ఏ భాగహారంలోనూ నిలబడదు. ఫ్రేముకి రూపాయల లెక్కలో ఏఎండీదే గెలుపు, అందులో సందేహం లేదు.

మరి ఆ 8,500 దేనికి? రే ట్రేసింగ్ భారీగా వాడే గేముల్లో ఎన్విడియా ఇంకా ముందుంది. సైబర్‌పంక్ 2077లో దాని బరువైన రూపం, పాత్ ట్రేసింగ్ పెడితే తేడా కళ్లకు కడుతుంది. కాకపోతే ఈ స్థాయి కార్డుతో పాత్ ట్రేసింగ్ ఆడటమంటే స్కూటీ మీద మంచం తీసుకెళ్లడం లాంటిది. వెళ్తుంది, హాయిగా మాత్రం వెళ్లదు. రెండోది డీఎల్‌ఎస్‌ఎస్. తక్కువ రిజల్యూషన్‌లో గీసి ఏఐతో పెద్దది చేసే ఈ పద్ధతికి పోటీగా ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ 4 తెచ్చింది. బొమ్మ నాణ్యతలో ఎన్నాళ్లుగానో ఉన్న వెలితి దీంతో చాలావరకు పూడింది. కానీ డీఎల్‌ఎస్‌ఎస్ పనిచేసే గేముల జాబితా ముందు దానిది చిన్నది.

ఈ అప్‌స్కేలింగ్ వల్ల పోలికల్లో ఒక గందరగోళం పుట్టింది. 1440పీలో డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ మోడ్ అంటే కార్డు నిజంగా గీసేది 960పీ. 1080పీ మానిటర్ మీద అదే మోడ్ అంటే 720పీ. కాబట్టి ఫలానా కార్డు 1440పీలో 100 ఇస్తోంది అన్న మాట విన్నప్పుడు నేటివ్‌గానా (నిజంగా 1440పీలోనే గీసా), అప్‌స్కేల్ చేసా అని అడగకుండా రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టకూడదు.

ఫ్రేమ్ జనరేషన్ దగ్గరకొచ్చేసరికి గందరగోళం కాస్తా మాయాజాలం అవుతుంది. 2025 జనవరిలో సీఈఎస్ అనే టెక్ ప్రదర్శన వేదిక మీద ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్, 549 డాలర్ల 5070కి 4090 స్థాయి పర్ఫార్మెన్స్ ఉందన్నారు. 4090 అంటే 2022లో 1,599 డాలర్లకు వచ్చిన 24 జీబీ కార్డు. ఆ మాట వెనకున్నది మల్టీ ఫ్రేమ్ జనరేషన్. కార్డు ఒక ఫ్రేము గీస్తే, ఏఐ మధ్యలో మూడు కల్పించి చేరుస్తుంది. తెర మీద కౌంటరు 120 చూపిస్తుంది. కీబోర్డు నొక్కితే స్పందన మాత్రం అసలు గీసిన 30 ఫ్రేముల తీరులోనే ఉంటుంది, ఇంకా కాస్త ఆలస్యంగా. అసలు ఫ్రేముల లెక్కన 5070, 4090 దరిదాపుల్లో లేదు. ముందే 70, 80 వస్తున్నప్పుడు 180 హెర్ట్జ్ మానిటర్ మీద కదలిక నున్నగా కనబడటానికి ఈ ఫీచర్ బాగుంటుంది. 30 వస్తున్న కార్డును ఇది కాపాడలేదు. ఫ్రేముకి రూపాయల భాగహారంలో కల్పిత ఫ్రేములు వేయడమంటే పాలలో నీళ్లు కలిపి లీటరు ధర తగ్గిందనుకోవడం.

ఎవరి సిస్టమ్‌లో కొలిచారు?

2024 డిసెంబర్‌లో ఇంటెల్ ఆర్క్ బీ580 వచ్చినప్పుడు దాదాపు ప్రతి రివ్యూ మెచ్చుకుంది. 249 డాలర్లకు 12 జీబీ, 192 బిట్ల బస్సు, 1440పీలో ఆర్‌టీఎక్స్ 4060 కన్నా వేగం. 2022లో మొదటి తరం ఆర్క్ కార్డులు పాత డైరెక్ట్‌ఎక్స్ 9 గేముల్లో తడబడి నవ్వులపాలయ్యాక, ఇంటెల్ కోలుకుందనే అందరూ అనుకున్నారు. జనవరిలో అసలు కథ బయటపడింది. రివ్యూలు చాలావరకు ఖరీదైన తాజా ప్రాసెసర్లతో చేసినవి. అదే కార్డును రైజెన్ 5 5600 లాంటి మామూలు ప్రాసెసర్‌తో, ఇంకా పాతవాటితో పరీక్షిస్తే కొన్ని గేముల్లో వేగం బాగా పడిపోయింది. కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, ప్రాసెసర్ మీద వేసే భారం ఎక్కువ కావడమే కారణం. ఇంటెల్ తర్వాత కొన్ని గేముల్లో దీన్ని మెరుగుపరిచింది.

రివ్యూ చేసినవాళ్ల తప్పేమీ లేదు. కార్డు సత్తా తెలియాలంటే ప్రాసెసర్ అడ్డు రాకూడదు కాబట్టి పెద్ద ప్రాసెసర్ పెడతారు. అది సరైన పద్ధతే. కానీ 249 డాలర్ల కార్డు కొనేవాడి దగ్గర అంత పెద్ద ప్రాసెసర్ ఎక్కడిది? తక్కువ బడ్జెట్ కార్డు నిజంగా ఇంటికెళ్లేది తక్కువ బడ్జెట్ సిస్టమ్‌లోకే. దీనికితోడు బీ580కి రీసైజబుల్ బార్ అనే సదుపాయం (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చేది) బోర్డులో ఉండి తీరాలి. అది లేని పాత బోర్డులో పెడితే డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్‌తో మొత్తం సిస్టమ్ కడుతున్నవాళ్లకి మాత్రం బీ580 ఇప్పటికీ తీసిపారేయదగ్గది కాదు.

మానిటర్ సంగతీ ఇలాంటిదే. 75 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 75 బొమ్మలకు మించి చూపించలేదు. దాని మీద 140 ఇచ్చే కార్డుకి, 90 ఇచ్చే కార్డుకి కంటికి కనిపించే తేడా దాదాపు లేదు. ఫ్రేముల లెక్క కట్టేముందు ఇంట్లో ఉన్న తెర ఏమిటో చూసుకోవాలి. కొన్నిసార్లు 10 వేలు కార్డు మీద కన్నా మానిటర్ మీద పెడితేనే ఎక్కువ ఫలితం.

ఇక అందరూ చేసే ఇంకో పొరపాటు, కార్డు ధర ఒక్కదాన్నే భాగించడం. ఊహకు ఒక లెక్క చూద్దాం. 28 వేల కార్డు 80 ఫ్రేములు ఇస్తోంది, 36 వేలది 100 ఇస్తోంది. ఫ్రేముకి మొదటిది 350 రూపాయలు, రెండోది 360. సూత్రం ప్రకారం మొదటిదే కొనాలి. కానీ కార్డు ఒక్కటే గాల్లో తేలుతూ గేము ఆడించదు. మిగిలిన సిస్టమ్‌కి 45 వేలయ్యిందనుకోండి. మొదటి కార్డుతో మొత్తం 73 వేలు, ఫ్రేముకి 912. రెండోదానితో 81 వేలు, ఫ్రేముకి 810. ఫలితం తిరగబడింది.

సిస్టమ్ ముందే ఉండి కార్డు మాత్రమే మార్చేవాళ్లకి లెక్క ఇంకోలా ఉంటుంది. పాత కార్డు 50 ఇస్తోందనుకుంటే, 28 వేలు పెట్టి సంపాదించేది 30 ఫ్రేములే. ఒక్కోటి 933 పడింది. 36 వేలకు 50 ఫ్రేములు పెరుగుతాయి, ఒక్కోటి 720. ఇక్కడా రెండోదే. అడుగు మెట్టు కార్డులే ఎప్పుడూ గిట్టుబాటు అన్న నమ్మకం చాలావరకు ఈ సగం లెక్క నుంచి వచ్చిందే.

అలాగని పైకి ఎక్కుతూ పోవడానికీ హద్దుంది. ఆ హద్దు మన ఇళ్లలో తరచూ యూపీఎస్ దగ్గర వస్తుంది. డెస్క్ కింద ఉండే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్ల చుట్టూ. 160, 180 వాట్ల కార్డు, మామూలు ప్రాసెసర్, మానిటర్ కలిసి దాని మీద అంచుల్లో నెట్టుకొస్తాయి. 304 వాట్ల ఏఎండీ 9070 ఎక్స్‌టీ పెట్టి గేము మధ్యలో ఉండగా కరెంటు పోయిందంటే యూపీఎస్ ఒక్క కూత పెట్టి సిస్టమ్‌తో సహా ఆగిపోతుంది. అప్పుడు కొత్త యూపీఎస్ ధర కూడా కార్డు ఖాతాలోనే రాయాలి. కరెంటు బిల్లు భయం మాత్రం అనవసరం. 50 వాట్ల తేడా, రోజుకు నాలుగు గంటల ఆట అనుకుంటే ఏడాదికి 73 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకున్నా 584. నెలకో టీ, సమోసా ఖర్చు.

వేడి మాట వేరు. రివ్యూల్లో కార్డు 65 డిగ్రీల దగ్గర ఉందని చెప్పేది ఏసీ గదిలో. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో మధ్యాహ్నం గది 40 దగ్గరుంటే, ఆ తేడా అంతా కార్డు ఉష్ణోగ్రత మీద పడుతుంది. ఫ్యాన్లు గగ్గోలు పెడతాయి. పైగా 300 వాట్ల కార్డు ఆ 300 వాట్లనూ వేడిగా మార్చి అదే గదిలోకి వదులుతుంది. ఎండాకాలంలో చిన్న గదికి ఇది చిన్న విషయం కాదు.

గేమింగ్ ఒక్కటేనా?

గేమింగ్ కోసమే కొన్న పీసీ మీద గేములు తప్ప ఇంకేమీ చేయని ఇల్లు అరుదు. అమీర్‌పేటలో డేటా సైన్స్ నేర్చుకుంటూ ఇంట్లో సాధన చేసే విద్యార్థికి దొరికే పాఠాలు, ఉదాహరణలు, ఫోరం జవాబులు చాలావరకు ఎన్విడియా వారి కుడా (CUDA, గ్రాఫిక్స్ కార్డుతో లెక్కలు చేయించే సాఫ్ట్‌వేర్) మీద నడిచేవే. ఏఎండీకి అలాంటిదే ఆర్‌ఓసీఎం ఉంది, మెరుగవుతోంది. కానీ ఎర్రర్ వచ్చిన రాత్రి పదకొండు గంటలకి పక్క రూమ్ స్నేహితుడు సాయం చేయగలిగేది కుడాతోనే. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు రెండర్ చేసేవాళ్లకీ ఎన్విడియా వేగం స్పష్టంగా ఎక్కువ. ఇలాంటి వాళ్లకి ఆ 8,500 రూపాయలు గేమింగ్ ఖర్చు కాదు, పనిముట్టు ఖర్చు. వీళ్లు కూడా 16 జీబీకి తగ్గకూడదు. ఏఐ మోడల్ మెమరీలో పట్టకపోతే కార్డు ఎంత వేగమైనదైనా ఒకటే. ఇలాంటి పని లేనివాళ్లు ఎన్విడియా పేరు కోసం అంత ఎక్కువ పెట్టాల్సిన అవసరం కనబడదు. మొదట్లో చెప్పినట్టు 8 జీబీ ఎన్విడియా వైపు కొందరు మొగ్గడానికి కారణం మాత్రం ఎక్కువగా పేరే అనిపిస్తుంది.

కార్డు ఎన్నాళ్లు నడుస్తుందన్నదీ ధరలో భాగమే. మన దగ్గర ఆరేడేళ్లు వాడి, తర్వాత తమ్ముడికో పిన్ని కొడుక్కో ఇవ్వడం మామూలు. 2016 నాటి జీటీఎక్స్ 1060 తరానికి ఎన్విడియా కొత్త గేముల డ్రైవర్లు ఇవ్వడం ఆపింది 2025 అక్టోబర్‌లో. తొమ్మిదేళ్లు. అదే నెల చివర్లో ఏఎండీ, 2020లో మొదలైన ఆర్‌ఎక్స్ 6000 సిరీస్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో (లోపాల మరమ్మతులకే పరిమితమయ్యే దశలో) పెడుతున్నట్టు చెప్పి, గొడవ అయ్యాక కొత్త గేముల సపోర్టు ఆగదని వివరణ ఇచ్చుకుంది. ఆగలేదు కాబట్టి నష్టం జరగలేదు, కానీ ఈ విషయంలో ఎన్విడియా రికార్డే నికరంగా ఉంది. ఏఎండీ వైపు మొగ్గిన తూకంలో ఇది అవతలి తట్టలో వేయాల్సిన బరువు.

కొత్త కార్డు ఇంకొన్నాళ్లు ఆగితే తగ్గుతుందా అన్న ప్రశ్నకు 2025 చివరి నెలలు చేదు జవాబు ఇచ్చాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఊడ్చుకుపోవడంతో ర్యామ్ ధరలు ఆకాశానికి ఎగబాకాయి. గ్రాఫిక్స్ కార్డు మీదుండే మెమరీ కూడా అవే ఫ్యాక్టరీల సరుకు. 16 జీబీ కార్డులో 8 జీబీ దానికన్నా రెండింతలు మెమరీ ఉంటుంది కాబట్టి దెబ్బ కూడా దానికే ఎక్కువ. విడుదల నాడు రెండు రకాల మధ్య ఉన్న 50 డాలర్ల తేడా షాపులో 5, 6 వేలుగా కనిపిస్తున్నంతసేపూ 16 జీబీ తీసుకోవడంలో తర్జనభర్జన అక్కర్లేదు. అది 12 వేలో 15 వేలో అయినప్పుడు మాత్రం పాత ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ లాంటి సెకండ్‌హ్యాండ్ కార్డు ముందు పెట్టుకుని, ఎదురుగా అరగంట గేము నడిపించి, వారంటీ సీరియల్ నంబర్ చూసుకుని మళ్లీ లెక్క వేయాల్సి వస్తుంది.

కొత్తదే కొంటున్నట్టయితే, కొటేషన్ కాగితం మీద ఆ లైనుని ఇంకోసారి చదవాలి. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ అని మాత్రమే ఉంటే రెండు కార్డులకూ అదే పేరు. 9060 ఎక్స్‌టీ సంగతీ అంతే. కంపెనీ, మోడల్ నంబర్, 16 జీబీ అన్న మాట మూడూ బిల్లు మీద రాయించుకుని, డబ్బా తెరవకముందే దాని మీదున్న స్టిక్కర్‌తో సరిపోల్చుకోవాలి. సీలు తీశాక రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.